పాముగీత

పార్సిలు విప్పి చూసి సూపరింటెండెంటు మురిసిపోయాడు.

"చూశారా అక్కయ్యగారూ! మనిషంటే ఇలా ఉండాలి. నా సర్వీసులో ఎంతమంది మానేశారో! ఒక్కరైనా వాన కొలిచే గ్లాసు వెనక్కి పంపారా? ఒకాయనైతే అందులో పూలు పెట్టుకున్నాడు. అడిగితే, వాడిపోయాక ఇస్తాలెండి అన్నాడు."

"ఈయన దూది కూడా మనదే అనుకున్నట్టున్నాడు, అదీ పంపించేశాడు," అంది టైపిస్టు.

ఇద్దరూ నవ్వారు. కార్డుల అక్కయ్య నవ్వలేదు. దూదిలో పడుకున్న గ్లాసుని రెండు వేళ్ళతో తీసి కిటికీ వైపు పట్టి చూసింది. జానెడు పొడవున్న సన్నటి గ్లాసు. ఇరవై రెండేళ్ళు వాన నీళ్ళు పోయించుకున్నది. గీతల మధ్య మసి లేదు, అడుగున పాకుడు లేదు. తోమి, ఆరబెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచినట్టుంది. పెళ్ళికూతుర్ని చేసి పంపినట్టుంది.

కూడా ఉన్న ఉత్తరం నాలుగే వాక్యాలు. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి వర్షపరిశీలకుల జాబితాలోంచి నా పేరు తీసెయ్యండి. ఈ నెలాఖరు దాకా మూతి చిట్లిన పాత గ్లాసుతో సరిపెట్టుకుంటాను. గరాటూ సీసా పెరట్లో ఉంటాయి, మనిషిని పంపి తీయించుకోండి. ఇన్నేళ్ళూ కార్డు అందిందని జవాబు రాసినవారికి కృతజ్ఞతలు.

ఆ చివరి వాక్యం తనకే. వాతావరణం ఆఫీసులో ఆమె పని అదే. ఊరి నలుమూలలా పెరళ్ళలో వానని కొలిచే పరిశీలకులు నెలకో కార్డు పంపుతారు. ఆమె ఆ అంకెల్ని పెద్ద రిజిస్టరులోకి ఎక్కించి, "అందినది" అని చీటీ రాసి పంపుతుంది. వాళ్ళకి జీతం లేదు. అందుకే చాలామంది వాన పడని రోజుల్ని ఖాళీగా వదిలేస్తారు. కొందరు నెలంతటికీ ఒకటే గీత లాగేస్తారు. ఈయన మాత్రం వాన లేని ప్రతిరోజూ విడివిడిగా, గుండ్రంగా సున్నా పెట్టేవాడు. ఎండాకాలం కార్డు మీద ముప్పై సున్నాలు ఉండేవి. ఆఫీసులో ఆయన పేరు సున్నాల తాత.

అందరూ ఎగతాళి చేసేవారు కానీ ఆమెకి ఆ సున్నాలంటే గౌరవం. ఖాళీ అంటే ఎవరూ చూడలేదని అర్థం. సున్నా అంటే ఒక మనిషి పొద్దున్నే లేచి వెళ్ళి చూశాడని, ఏమీ లేదని.

ఆమె చేతిలో ఇంకో పని కూడా ఉంది. ఏదైనా అంకె మీద నమ్మకం కుదరకపోతే దాన్ని కొట్టెయ్యకూడదు, దిద్దకూడదు. కింద పాము పాకినట్టు ఒక మెలికల గీత గియ్యాలి. పాముగీత అంటే ఇది తప్పని కాదు, ఇంకోసారి చూడాలని. సున్నాల తాత అంకెల కింద ఆమె ఇన్నేళ్ళలో ఒక్క పాముగీత గియ్యలేదు.

"ఫైల్లో పెట్టెయ్యండి," అన్నాడు సూపరింటెండెంటు.

ఆమె ఉత్తరాన్ని ఫైల్లో పెట్టలేదు. సంచీలో పెట్టుకుంది. అడగకుండా ఎవరైనా ఏదైనా తిరిగి ఇస్తే ఆమెకి భయం. పుస్తకం తిరిగి ఇచ్చినా భయమే, గిన్నె తిరిగి ఇచ్చినా భయమే. ఒకసారి చెల్లెలు గొడుగు తెచ్చి ఇచ్చింది. ఏడాదిగా తన దగ్గరే ఉన్న గొడుగు, విరిగిన పుల్ల కూడా బాగుచేయించి, మడిచి, తాడు కట్టి తెచ్చింది. "ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందే నీకు!" అని ఆమె నవ్వింది. చెల్లెలూ నవ్వింది. మర్నాటికి చెల్లెలు లేదు.

సాయంత్రం ఆఫీసు కట్టేయగానే కార్డు మీద ఉన్న చిరునామా చూసుకుని బస్సెక్కింది.

ఇల్లు చిన్నది, సందు చివర. తలుపు తీసి ఉంది. ఆయన సన్నగా, నిటారుగా ఉన్నాడు. ఎదురుగా నిలబడి కూడా ఆమెని సూటిగా చూడలేదు. తల పక్కకి తిప్పి, ఓరగా చూశాడు. అనుమానపు మనిషి కాబోలు అనుకుంది.

"నేను కార్డుల దగ్గర పనిచేస్తానండి. అందినది అని రాసేది నేనే."

"మీరా!" ఆయన మొహం విప్పారింది. "మీ 'ది' కి తోక పొడవు. మా ఆవిడ అనేది, ఈ తోక చూడండి, ఈవిడకి నాకంటే తీరిక ఎక్కువలా ఉంది అని. కూర్చోండమ్మా. గరాటు కోసం ఇంత దూరం మీరే రావాలా?"

ఉన్నది ఒకటే కుర్చీ. దాని వీపు మీద ఒక చీటీ అంటించి ఉంది: మేనకోడలికి. గోడ గడియారం మీద చీటీ: మేనకోడలికి. పుస్తకాల అరకి ఒకటి: గ్రంథాలయానికి. భూమి కొలిచే ఇత్తడి గొలుసు ఒకటి కొక్కేనికి వేలాడుతోంది, దానికీ చీటీ ఉంది. అన్నీ ఒకే కొలత చీటీలు. కత్తెర జారకుండా కోసినవి.

ఆమె కూర్చోలేదు. ఏదో సుళువైన మాటతో మొదలుపెట్టాలని బస్సులో నాలుగైదు మాటలు అనుకుంది. ఒక్కటీ నోటికి రాలేదు.

"చచ్చిపోదామనుకుంటున్నారా?" అంది.

పక్కింట్లో ఎవరో కొళాయి తిప్పారు, కట్టేశారు.

"ఇప్పటిదాకా ఎవరూ ఇలా అడగలేదు," అన్నాడు చివరికి. "గడియారం ఇస్తానంటే మా మేనకోడలు ఎంత సంతోషించిందో!"

"నేనూ ఒకసారి అలాగే సంతోషించానండి."

ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "నేను ఏడుస్తూ చెప్పడం లేదమ్మా. తాగి చెప్పడం లేదు. ముప్పై అయిదేళ్ళు సర్వేయరుగా చేశాను, హద్దు రాయి ఎక్కడ వెయ్యాలో నాకు తెలుసు. మా ఆవిడ పోయి నాలుగేళ్ళు. నడిమి చూపు పోతోందన్నాడు డాక్టరు. అంచులు కనిపిస్తాయి, మధ్యలో బూడిద. ఇంకో ఏడాదికి చదవలేను. ఆ తర్వాత మేనకోడలింట్లో వెనక గది. దానికి ముగ్గురు పిల్లలు, కుట్టుపని. నన్ను చెయ్యి పట్టుకుని నడిపించాలి, గిన్నె ఎక్కడుందో చూపించాలి. అన్నీ కలిపి చూశాను, ఒకసారి కాదు. ఇటువైపు ఏమీ మిగలడం లేదు. చూపున్నప్పుడే తలుపు నేను వేసుకుని వెళ్తే తప్పేముంది, చెప్పండి? ఇందులో సబబు కానిది ఏది?"

ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. ఏడో తరగతితో చదువు ఆగింది. ఆ తర్వాత దొరికిందల్లా చదివింది. పొట్లాల కాగితాల నుంచి లావుపాటి పుస్తకాల దాకా. చెల్లెలు పోయాక ఈ ఒక్క ప్రశ్న కోసమే ఎన్నో తిరగేసింది.

"నాకు వాదించడం రాదండి. పెద్దపెద్దవాళ్ళు రాసినవి చదివాను. తప్పన్నవాళ్ళున్నారు, ఒప్పన్నవాళ్ళున్నారు. ఎవరిది చదివితే వాళ్ళదే సబబనిపించింది. కానీ ఆ రాసినవాళ్ళెవరూ మా చెల్లెలి బట్టలు మడతపెట్టలేదు. నేను పెట్టాను."

ఆయన తల దించుకున్నాడు.

"ఆ పుస్తకాల సంగతి అంతేనండి," అంది ఆమె. "కానీ నిబంధన ఒకటుంది. పరిశీలకుడు తప్పుకునేటప్పుడు ఏడు రోజులు జోడు కొలత తియ్యాలి. అవే నీళ్ళు మీరొకసారి చదవాలి, ఆఫీసు మనిషి ఒకసారి చదవాలి. ఒకరిది ఒకరు చూడకుండా విడిగా రాసుకోవాలి. చివర్న కలిపి చూడాలి."

"ఎవరైనా తీశారా ఎప్పుడైనా?"

"లేదండి. కానీ నిబంధనల పుస్తకంలో ఉంది. పద్నాలుగో పేజీ."

ఆయన నోటి చివర ఏదో కదిలింది. "నన్ను పట్టి ఉంచడానికి వేసిన ఎత్తు ఇది."

"అవునండి. కానీ నిబంధన నిజమే."

నిబంధన నిజమైతే కాదనలేని మనిషని ముప్పై సున్నాల కార్డులు ఆమెకి ముందే చెప్పాయి. ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "రేపు ఇరవై ఆరు. ఏడు రోజులంటే ఒకటో తేదీ కూడా కలుస్తుంది. నేను ముప్పై ఒకటి అనుకున్నాను."

"ఒక్క రోజే కదండీ."

"ఒక్క రోజే," అన్నాడాయన. "ఎనిమిదింటికల్లా రావాలి. ఎనిమిదీ అయిదైతే కొలత కాదు."

మర్నాడు ఎనిమిదికి పది నిమిషాలుండగానే వచ్చింది. పెరడు చిన్నది. మధ్యలో నడుమెత్తు దిమ్మ మీద రేకు డబ్బా, దాని నోట్లో గరాటు. ఆయన గడియారం చూసి గరాటు ఎత్తి, లోపలి సీసా తీసి, గ్లాసులోకి వంచాడు. రాలేదు ఒక్క చుక్కా. అయినా సీసాని మూడుసార్లు తట్టి వంచి, అప్పుడు నోటుబుక్కులో సున్నా రాశాడు. ఆమె కూడా సీసాని తన చేత్తో వంచి చూసి, తన చీటీలో సున్నా రాసుకుంది.

"కార్డు మీద విశేషాలు అని ఒక గడి ఉంటుంది కదండీ," అంది ఆమె. "నాలుగేళ్ళుగా అది ఖాళీగా వస్తోంది."

"అది నాది కాదు. నేను అంకె రాస్తే ఆవిడ విశేషం రాసేది. ఒకసారి 'పిచ్చుక వచ్చి గరాటులో నీళ్ళు తాగింది, ఒక చుక్క తక్కువ' అని రాసింది. ఆధారం లేని మాట ఆఫీసుకి పంపుతావా అని నేను అరిచాను. పిచ్చుకని పిలిపించి సంతకం పెట్టిస్తాను ఉండండి, అంది."

ఆమెకి నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చింది. గరాటుని యథాస్థానంలో పెడుతూ, "నాలుగు రోజులు మాట్లాడుకోలేదు ఆ పిచ్చుక గురించి," అన్నాడు. "ఆ నాలుగు రోజులూ ఇప్పుడు కావాలి నాకు." గరాటు మూతిని బొటనవేలితో తుడిచాడు. "ఆవిడ చేతిరాత ఇంట్లో ఎక్కడా లేదు. ఉత్తరాలు రాసుకునేంత దూరం ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ కార్డులేమో మీ చిత్తుకాగితాల్లో పోయుంటాయి."

"పోలేదండి. ఇనప్పెట్టెలో ఉన్నాయి. కట్టలు కట్టింది నేనే."

ఆయన లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. లోపల దేన్నో జరిపిన చప్పుడైంది, మళ్ళీ అదే చోటికి జరిపిన చప్పుడైంది. ఆమె ఆఫీసు వేళ మించిపోతున్నా దిమ్మ పక్కనే నిలబడింది.

ఇరవై ఏడున వాన పడింది. తెల్లవారుజామున మొదలై ఏడింటికి వెలిసింది. ఆయన సీసా వంచాడు, గ్లాసుని కంటి ఎత్తుకి లేపి, తల పక్కకి తిప్పి, ఓరగా చూశాడు. "మూడు పాయింట్ ఒకటి," అన్నాడు తనలో తాను. పైకి అనకూడదని ఆయనకి గుర్తు లేదు. ఒంటరిగా ఉండే మనుషులు అంకెలతో మాట్లాడతారు. రాసుకుని గ్లాసు ఆమెకి అందించాడు.

ఆమె చూసింది. నీళ్ళు గాజు అంచుల దగ్గర కాస్త పైకి పాకుతాయి. మధ్యలో పల్లంగా ఉంటాయి. ఆ పల్లాన్ని చూసి చదవాలి. పల్లం రెండు పాయింట్ ఆరు మిల్లీమీటర్ల దగ్గరుంది. మళ్ళీ చూసింది. రెండు పాయింట్ ఆరే. ఆయనకి మధ్య కనిపించడం లేదు. అంచు కనిపిస్తోంది. అంచుని చదువుతున్నాడు.

పెన్సిలు కాగితం మీద ఆగిపోయింది. ఈ మనిషికి మిగిలిన గర్వం ఇది ఒక్కటే. వద్దన్న మనిషిని ఏడు రోజులు నిలబెట్టి, దాన్ని కూడా తనే లాగేసుకోవడానికి వచ్చిందా? "ఇటువైపు ఏమీ మిగలడం లేదు" అన్న మాట చెవిలో తిరిగింది.

మూడు పాయింట్ ఒకటి అని రాసింది. ఉద్యోగంలో ఆమె రాసిన మొదటి దొంగ అంకె అది. బస్సులో కూర్చున్నాక సంచీలోంచి సొంత పుస్తకం తీసింది. చదివినవాటిలో నచ్చిన వాక్యాలు రాసుకునే పుస్తకం. చివరి అట్ట లోపలి వైపు, చిన్న అక్షరాలతో రెండు పాయింట్ ఆరు అని రాశాకగానీ పుస్తకం మూయలేదు.

ఇరవై ఎనిమిదిన ఆయన ఏడు పాయింట్ నాలుగు అన్నాడు. గ్లాసు ఆరు పాయింట్ తొమ్మిది అంది. ఆమె చీటీ మీద ఒకటి, అట్ట మీద ఒకటి రాసింది. తిరిగి వెళ్తూ సందు మొగలో ఉన్న మేనకోడలి కుట్టుపని కొట్టు ముందు ఆగింది.

మేనకోడలు గుండుసూదులు పళ్ళ మధ్య పట్టుకుని అంచు మడుస్తోంది. "వానకొలతావిడేనా మీరు? మామయ్య ఈమధ్య హుషారుగా ఉన్నాడండి. ఇల్లంతా సర్దేశాడు. ఆ గడియారం కూడా నాకేనట!" అంది సూదుల వెనకనుంచి.

ఆమె చెప్పింది. దాచకుండా, తిప్పకుండా, ఆయన అన్న మాటలు అన్నట్టే చెప్పింది. మేనకోడలు పళ్ళ మధ్యనుంచి సూదులు ఒక్కొక్కటీ తీసి దిండుకి గుచ్చింది. ఏడు సూదులు. ఆఖరిది గుచ్చాక మిషను మీద గుడ్డని అలాగే వదిలేసి లేచింది.

"వెనక గది అన్నాడా? నాకు వెనక గదే లేదండి. ముందు గదిలో కిటికీ పక్కన మంచం వెయ్యాలని రెండేళ్ళనుంచి పోరుతున్నాను. నాకు చెప్పకుండా వాతావరణం ఆఫీసుకి చెప్పుకున్నాడా!" అంది.

మర్నాడు ఆయన ఇంటి ముందు గదిలో మేనకోడలి కుట్టుమిషను ఆడుతోంది. కుర్చీ మీద చీటీ లేదు, గడియారం మీద చీటీ లేదు. ఆయన పెరట్లో రాయిలా నిలబడి ఉన్నాడు.

"మీ ఆఫీసు ఇళ్ళల్లో వాతావరణం కూడా చూస్తుందని నాకు తెలీదు," అన్నాడు.

"ఒకసారి తెలుసుకోకుండా ఉండిపోయానండి. ఈసారి తెలిసి ఊరుకోలేను."

"మిమ్మల్ని నమ్మి చెప్పాను."

"తెలుసండి."

ఆ తర్వాత ఆయన ఆమెతో మాట్లాడలేదు. ఆ పూటా, ముప్పైనా, ముప్పై ఒకటినా. ఎనిమిదింటికి సీసా వంచేవాడు, ఓరగా చూసేవాడు. అంకె మాత్రం అలవాటుగా పెదవుల మీదకి వచ్చేసేది. గ్లాసుని ఆమెకి అందించకుండా దిమ్మ మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయేవాడు. లోపల మిషను మోత మధ్య మేనకోడలి గొంతు వినిపించేది: "కోపం ఆవిడ మీదే చూపించు మామయ్యా, నా మీద కూడా అయితే నీకు ఓపిక సరిపోదు. కంటాసుపత్రికి శుక్రవారం పేరు రాయించాను. కాదన్నావంటే పిల్లలు ముగ్గుర్నీ తెచ్చి ఇక్కడే పడేస్తాను."

ముప్పై ఒకటిన ఆఫీసులో ఆమె ఇనప్పెట్టె తెరిచింది. సున్నాల తాత కార్డుల పక్కన, ఆయన పేటకి దగ్గర్లో ఉన్న పంపుహౌసు కార్డులు పెట్టుకుని వేలితో వెనక్కి వెళ్ళింది. రెండేళ్ళ కిందట తేడా ఒకసారి ఇటుంది, ఒకసారి అటుంది. వాన అన్నిచోట్లా ఒక్కలా పడదు కనక అది మామూలే. ఎనిమిది నెలలుగా మాత్రం ఎప్పుడు చూసినా ఈయనదే ఎక్కువ. ఇంకా వెనక్కి వెళ్తే విశేషాల గడిలో రెండో చేతిరాత కనిపించింది. గుండ్రటి, తొందరపాటు అక్షరాలు. ఆమె పంపుహౌసు కార్డులు పక్కన పెట్టేసి వాటిని చదువుతూ కూర్చుండిపోయింది. ఎవరివో కబుర్లు, ఎప్పటివో వానలు. చెల్లెలు ఏమీ రాసి వెళ్ళలేదు.

"అక్కయ్యగారూ, ఆ ఉత్తరం ఫైల్లో పెట్టారా?" అన్నాడు సూపరింటెండెంటు.

"ఇంకా లేదండి. జోడు కొలత జరుగుతోంది."

"అదేంటి?"

"పద్నాలుగో పేజీ," అంది టైపిస్టు, ఆమె వైపు చూస్తూనే. టైపిస్టుకి ఎంత తెలుసో ఏమో, మళ్ళీ టైపు చేసుకుంది.

ఒకటో తేదీ పొద్దున్న ఆయన అంకె అయిదు పాయింట్ అయిదు. గ్లాసుది అయిదే. ఆమె చీటీ మీద అయిదున్నర రాసి మడిచింది. కొలత అయిపోయింది. ఆయన నోటుబుక్కు తెచ్చి ముందు గదిలో బల్ల మీద పెట్టాడు. ఆమె చీటీలు వరసగా పరిచింది. మేనకోడలు మిషను ఆపలేదు కానీ నెమ్మది చేసింది. ఆయన భూతద్దం తీసుకుని, ఒక పక్కగా వంగి, ఒక్కో అంకెనీ వెతుక్కుంటూ చదివాడు. చాలాసేపు పట్టింది.

భూతద్దం బల్ల మీద పెట్టేశాడు.

"ఏడు రోజులు," అన్నాడు. మూడు రోజుల తర్వాత ఆమెతో అన్న మొదటి మాట. "ఒక్క చోట కూడా ఒక్క పాయింటు తేడా లేదు."

"అవునండి."

"అమ్మా, నేనూ నా జోడు సర్వేయరూ ఒకే పొలాన్ని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలిచినవాళ్ళం. ఒక్కనాడూ ఇలా కలవలేదు. ఇద్దరు మనుషులు విడివిడిగా చూస్తే ఇలా రాదు. ఒకళ్ళు చూసి, రెండోవాళ్ళు రాసుకుంటే వస్తుంది." ఓరచూపు ఆమె మొహం అంచు మీద నిలిచింది. "గ్లాసులో మీరు ఏం చూశారు?"

మిషను ఆగిపోయింది.

ఆమె సంచీలోంచి పుస్తకం తీసి చివరి అట్ట తెరిచింది. ఆయన చదవలేడని గుర్తొచ్చి తనే చదివింది. రెండు పాయింట్ ఆరు. ఆరు పాయింట్ తొమ్మిది. పదకొండు పాయింట్ ఆరు. ఒకటి పాయింట్ నాలుగు. అయిదు. చదువుతుంటే ఒక్కో అంకె తన చేత్తో ఆయన్ని వెనక్కి నెడుతున్నట్టే ఉంది.

"ఎప్పటినుంచి?"

"ఎనిమిది నెలలు కావచ్చు. పంపుహౌసు కార్డులతో కలిపి చూశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"భయమేసిందండి. మీకు ఇంకో కారణం ఇచ్చినట్టవుతుందని."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. మేనకోడలు లేచి రాబోతే కార్డుల అక్కయ్య చెయ్యి ఎత్తి ఆపింది. ఎందుకు ఆపిందో ఆమెకే తెలీదు. వీధిలో ఎవరో సైకిలు తోసుకుంటూ వెళ్ళారు.

"ఎనిమిది నెలలు," అన్నాడాయన కళ్ళు తెరవకుండానే. "ఒక్కరోజైనా అనుమానం రాలేదు నాకు. వస్తే రెండోసారి చూసేవాణ్ణి. అంత నమ్మకంగా అంచుని చదివి మధ్య అనుకున్నాను." తర్వాత, ఇష్టం లేని కొలతని ఒప్పుకుంటున్నవాడిలా, ఒక్కో మాటా తూచి అన్నాడు: "అదీ ఈ ఎనిమిది నెలల్లోదే."

"ఏదండీ?"

"మీకు ఆ రోజు చెప్పింది. ఇటువైపు ఏమీ మిగలడం లేదన్నది. అది కూడా నేనొక్కణ్ణే చదివాను. జోడు మనిషి లేకుండా. వెనక గది అన్నాను. ఆ గదే లేదట."

ఆయన చెయ్యి చాపాడు. "నా ఉత్తరం ఫైల్లో పెట్టారా?"

"సంచీలోనే ఉందండి."

"ఇలా ఇవ్వండి. పెన్సిలు కూడా."

ఉత్తరాన్ని బల్ల మీద పరిచి, ఎడమ చేతి చూపుడువేలు కాగితం అంచున ఆనించి, ఆ వేలి వెంట పెన్సిలు నడిపించాడు. పాముగీత వంకరగా పోయింది. రెండో వాక్యం మీదకి ఎక్కి, మూడోదాని కింద దిగి, కాగితం దాటి బల్ల మీద కూడా ఒక మెలిక తిరిగింది.

"తప్పని కాదు," అన్నాడు.

"తెలుసండి. ఇంకోసారి చూడాలని."

"ఇంకోసారి చూసినా అదే అంకె రావచ్చు."

"రావచ్చండి. అప్పుడు మూడో మనిషిని పిలుస్తాను. కంటి డాక్టరున్నాడు, మా టైపిస్టుంది, ఈ అమ్మాయుంది."

"నేనిక్కడే ఉన్నాను, నాకు వినబడుతోంది," అంది మేనకోడలు మిషను వెనకనుంచి, ముక్కు చీదుకుంటూ. "నా దగ్గర టేపు కూడా ఉంది."

ఆయన నవ్వలేదు. నవ్వబోయి ఆగిన మనిషిలా గడ్డం నిమురుకున్నాడు. "చదవలేనివాడు పరిశీలకుడెలా అవుతాడమ్మా? మీ పద్నాలుగో పేజీ ఏమంటుంది?"

"మీరు వంచండి, ఈ అమ్మాయి చదువుతుంది. కార్డు మీద ఇద్దరి పేర్లూ రాయొచ్చు. అసలు మీ కార్డు ఎప్పుడూ ఇద్దరిదే కదండీ." ఆమె సంచీలో చెయ్యి పెట్టి పాత కార్డు ఒకటి తీసింది. ఇవ్వాలా వద్దా అని పొద్దుటినుంచీ అనుకుంటోంది. "చదవనా?"

ఆయన తల తిప్పి చెవి ఇటు పెట్టాడు.

"పన్నెండో తేదీ. సాయంత్రం పెద్ద వాన. ఈయన గొడుగు మర్చిపోయి వెళ్ళారు. మంచి పనైంది, నేను ఎదురు వెళ్ళాను."

ఆయన కార్డు తీసుకుని, మధ్య చూపుకి అందని ఆ అక్షరాల మీద వేళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. సిరా కాగితంలోకి ఇంకిపోయింది. వేలికి ఏమీ తగలదు. అయినా వరస తప్పకుండా ఎడమనుంచి కుడికి జరిపాడు.

"ఇంకా ఉన్నాయా?"

"పెట్టె నిండా ఉన్నాయండి. ఆఫీసువి, ఇంటికి ఇవ్వకూడదు. ఒక్కోటి తెచ్చి చదివి, తీసుకెళ్ళిపోవాలి."

"అదీ నిబంధనేనా?"

"ఇది నాది."

బయట మబ్బు దిగింది. ఆఫీసుకి ఆలస్యమైపోయింది. ఆమె చెప్పులు వేసుకుంటుంటే ఆయన తలుపు వెనక చేత్తో తడుముకుని గొడుగు తీశాడు. పాత నల్ల గొడుగు. పిడికి ఇంకా ఒక చీటీ అంటుకుని ఉంది. మిగతా చీటీలన్నీ పీకేసిన మేనకోడలికి ఇది కనబడలేదు. ఆయన గోటితో చీటీని గీకి తీసేసి, ఉండ చుట్టి జేబులో వేసుకున్నాడు.

"తడుస్తారు. తీసుకెళ్ళండి."

గొడుగు చేతిలోకి రాగానే ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి. ఒక పుల్ల విరిగి ఉంది. ఎవరూ బాగుచేయించలేదు. ఆమె గుమ్మంలో నిలబడి ఆ విరిగిన పుల్లని తడిమి చూసింది.

"ఎప్పుడు తెచ్చివ్వమంటారు?"

"తొందరేం లేదు," అన్నాడాయన.